ఐస్‌లాండ్ వ్యాపార యాత్ర: పనంతా ఆగేది పది అంకెల నంబరు దగ్గరే

ఐస్‌లాండ్‌లో కంపెనీ ఎండీని కలవడం చాలా తేలిక. అక్కడ బ్యాంకు ఖాతా తెరవడం మాత్రం మహా కష్టం. జనాభా 4 లక్షలు కూడా లేని దేశం కాబట్టి మెయిల్ పెడితే ఎండీయే జవాబిస్తారు, కాఫీకి రమ్మంటారు. చేపల ప్రాసెసింగ్ యంత్రాల కోసమో, రొయ్య పొట్టు నుంచి కైటోసాన్ అనే పదార్థం తీసే పని చూడటానికో భీమవరం, నెల్లూరు వైపు నుంచి వెళ్లాలనుకునేవాళ్లు ఆ మర్యాద చూసి పని అయిపోయిందనుకోవద్దు.

అసలు పని కెన్నితాల దగ్గర మొదలవుతుంది. అది పది అంకెల గుర్తింపు నంబరు. కంపెనీలకూ ఉంటుంది. నంబరు మొదట్లో నమోదైన రోజు అంకెకు 40 కలిపి వేస్తారు కాబట్టి మొదటి అంకె 4 నుంచి 7 వరకు ఏదైనా ఉంటే అది కంపెనీ నంబరని చూడగానే తెలుస్తుంది. ఖాతా, ఇన్‌వాయిస్, ఫోన్ కనెక్షన్ అన్నీ దాని మీదే నడుస్తాయి. విదేశీయుడు దీనికి నేరుగా దరఖాస్తు పెట్టుకోలేడు. అక్కడి సంస్థ ఏదైనా మన పాస్‌పోర్టు కాపీతో జాతీయ రిజిస్ట్రీకి పంపాలి. అందుకని విమానం టికెట్ కంటే ముందు రాజధాని రేక్యావిక్‌లో ఒక అకౌంటెంటును మాట్లాడుకోవాలి.

కంపెనీ పెట్టాలంటే, మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి దానికి కనీస మూలధనం 5,00,000 క్రోనా. క్రోనా మన డబ్బులో సుమారు 70 పైసలు. నమోదు రుసుము 1,40,000 క్రోనా దాటుతుంది. లాభంపై పన్ను 20 శాతం. వ్యాట్ 24 శాతం, తిండికీ బసకీ 11 శాతం. 12 నెలల్లో అమ్మకాలు 20 లక్షల క్రోనా దాటితే వ్యాట్ నమోదు తప్పనిసరి. డైరెక్టర్లందరూ ఇండియాలోనే ఉంటామంటే కుదరదు. నివాస నిబంధన నుంచి ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాలి.

ఇక బ్యాంకు. మేము వెళ్లిన శాఖలో కౌంటర్ దగ్గర చెప్పింది ఒకటి, మెయిల్‌లో అడిగింది ఇంకొకటి. పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. మా భాగస్వామిది పొలం అమ్మిన డబ్బు. దస్తావేజు తెలుగులో ఉంది, దాన్ని చదివేవాళ్లు అక్కడ లేరు. ఇంగ్లీషు అనువాదం ఇస్తే, అనువాదకుడి ధ్రువీకరణ ఏదన్నారు. అదిచ్చాక అపోస్టిల్ అన్నారు, అంటే కాగితం విదేశంలో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర. మొదటి రోజే మూడూ కలిపి చెప్పి ఉంటే ఒక్కసారిగా తెప్పించేవాళ్లం. మా భాగస్వామి ఆ సాయంత్రం భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదు. 2008లో బ్యాంకులు కూలిన దేశం అది. 2019 అక్టోబరు నుంచి ఏడాది పాటు అంతర్జాతీయ మనీలాండరింగ్ నిఘా జాబితాలోనూ ఉంది. వాళ్ల జాగ్రత్తకు కారణం ఉంది. కావలసిన కాగితాలన్నీ ఒకేసారి చెప్పకపోవడానికి మాత్రం ఏ కారణమూ లేదు. దస్తావేజుల అనువాదం, నోటరీ, అపోస్టిల్ ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లండి. 25 శాతం మించి వాటా ఉన్న ప్రతి ఒక్కరి కాగితాలూ వెంట ఉండాలి.

యంత్రాలు కొనడమే పని అయితే కంపెనీ జోలికే పోవద్దు. ఇండియాతో ఎఫ్టా దేశాల (ఐస్‌లాండ్, నార్వే, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్) వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. సుంకం తగ్గాలంటే సరుకు ఎక్కడ తయారైందో చెప్పే ధ్రువీకరణ కావాలి. అది కొటేషన్ దశలోనే రాయించుకోవాలి.

వీసా షెంగెన్‌దే, అంటే చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా పనికొచ్చేది. రుసుము 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము వేరే. 30,000 యూరోల బీమా, కంపెనీ ఆహ్వాన లేఖ ఉంటే ఇబ్బంది లేదు. జులైలో వెళ్లకండి, సగం ఆఫీసు సెలవులో ఉంటుంది. అక్కడ ఉదయం 9 అయితే మనకు మధ్యాహ్నం 2:30, ఏడాది పొడవునా ఇదే తేడా. అందరినీ మొదటి పేరుతోనే పిలవాలి. చాలామందికి ఇంటిపేర్లుండవు, చివర ఉండేది సాధారణంగా తండ్రి పేరు.

కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి 50 కిలోమీటర్లు. ప్రైవేటు బస్సుకు 4,000 క్రోనా దగ్గర, సిటీ బస్సు 55 అంతకంటే చవక. మధ్యాహ్నం సూప్, రొట్టెకే దాదాపు 3,000 అవుతుంది. బోనుస్ దుకాణంలో స్కీర్ (గట్టి పెరుగు లాంటిది), బ్రెడ్ కొనుక్కుంటే అందులో మూడో వంతు చాలు. వాళ్ల హాట్‌డాగ్‌లో గొర్రె మాంసంతో పాటు గొడ్డు, పంది మాంసం కూడా కలుస్తాయి, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి. కుళాయిలో చన్నీళ్లు అద్భుతంగా ఉంటాయి, సీసా నీళ్లు కొనడం శుద్ధ దండగ. వేడినీళ్లకు గంధకం వాసన ఉంటుంది. స్నానానికి ముందు వెండి మట్టెలు, పట్టీలు తీసేయాలి, లేకపోతే నల్లబడతాయి.

మాకు అన్నిటికంటే నచ్చింది ఊరి ఈతకొలనులు. ప్రవేశం 1,500 క్రోనా లోపే. వేడినీటి తొట్టెల్లో కూర్చుని వాళ్లు ధరల సంగతి కూడా మాట్లాడతారు. మీటింగ్ గదిలో తేలని డెలివరీ గడువు మాకు అక్కడే తేలింది. దిగే ముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి, ఆడవాళ్లకూ మగవాళ్లకూ గదులు వేరు. ఇందులో మినహాయింపు ఉండదు, సిబ్బంది చూస్తుంటారు.

రొయ్య పొట్టుతో కైటోసాన్ చేసే ప్రైమెక్స్ కంపెనీ ఉత్తరాన సిగ్లుఫ్యోర్దుర్‌లో ఉంది. రేక్యావిక్ నుంచి దాదాపు 390 కిలోమీటర్లు, కారులో ఐదు గంటలు. ఆ ఊరికి పడమటి వైపు సొరంగంలో ఒకటే వరుస, ఎదురుగా బండి వస్తే పక్క జాగాలో ఆగాలి. అద్దె కారుకు కంకర, ఇసుక బీమా తీసుకోండి. గాలికి తలుపు విరిగితే మామూలు బీమా వర్తించదు, తలుపు చేత్తో పట్టుకునే తెరవాలి. చలికాలంలో ఈ ప్రయాణం పెట్టుకుంటే మంచుకు దారి మూసేసినా విమానం తప్పిపోకుండా ఉండేలా తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి.