డాక్టర్లిద్దరూ ఒకే మాట మీదకు రాకముందే ఆక్సిజన్ మిషన్ కొనకండి: బెంగళూరు తెలుగువాళ్లకు జాగ్రత్త

ఇంట్లో సీఓపీడీ (ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) గానీ, పాత టీబీ వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తులు గానీ ఉన్న పెద్దవాళ్లుంటే ఇది పూర్తిగా చదవండి. ఒక డాక్టర్ ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోమంటారు. ఇంకో డాక్టర్ అక్కర్లేదు, ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చితే చాలంటారు. ఎవరి మాట వినాలో తోచక ఇంటిల్లిపాదీ తల పట్టుకున్న సమయంలోనే మిషన్లు అమ్మేవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "ఒక్కటే పీసు మిగిలింది, ఇవాళే అడ్వాన్స్ వేయండి" అంటారు. సీలు తీశాక వెనక్కి తీసుకోరు.

ముందు ఆ రెండు మాటలు ఎందుకొచ్చాయో చూడండి. చాలాసార్లు ఇద్దరూ తప్పు చెప్పి ఉండరు. ఒకరు చూసింది ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరినప్పటి రీడింగు. ఇంకొకరు చూసింది నెలన్నర తర్వాత కుదుటపడ్డాక తీసిన రీడింగు. దీర్ఘకాలం ఆక్సిజన్ పెట్టడానికి లెక్క ఇదీ: కూర్చుని ఉండగా, బయటి ఆక్సిజన్ లేకుండా తీసిన ఏబీజీలో (ధమని నుంచి రక్తం తీసి చేసే పరీక్ష) ఆక్సిజన్ పీడనం 55 లేదా అంతకు తక్కువ, లేదా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 లేదా అంతకు తక్కువ ఉండాలి. అదీ రోగి నిలకడగా ఉన్నప్పుడు, మూడు వారాల వ్యవధిలో రెండుసార్లు. గుండె కుడివైపు భారం పడ్డా, రక్తం చిక్కబడ్డా ఆ పీడనం 59 వరకూ ఉన్నా ఇస్తారు. డిశ్చార్జి రోజున రాసిన ఆక్సిజన్‌ను 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పరీక్షించి, అవసరం ఉందో లేదో తేల్చాలి. అందుకే డిశ్చార్జి చీటీ చూపించి మిషన్ కొనిపించడం అన్యాయం. ఆ రెండు మూడు నెలలకు అద్దెకు తెచ్చుకోండి.

రెండో డాక్టర్ దగ్గరికి రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. సీటీ స్కాన్ సీడీ, గ్రాఫుతో సహా స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే ఊపిరి పరీక్ష), ఏబీజీ చీటీ ఉండాలి. ఆ ఏబీజీ ఆక్సిజన్ పెట్టి తీశారా, తీసేసి తీశారా అన్నది చీటీ మీద రాయించుకోండి. స్పైరోమెట్రీ మందు పీల్చకముందు మాత్రమే చేసి ఉంటే ఒకరు ఆస్తమా, ఇంకొకరు సీఓపీడీ అనడంలో వింతేమీ లేదు. ఊపిరి గొట్టాలను విప్పే సాల్బుటమాల్ మందు పీల్చిన 10, 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించాలి. ఇద్దరినీ ఒకటే అడగండి: ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, ఏ రీడింగు చూసి? అప్పటికీ తేలకపోతే నిమ్హాన్స్ దగ్గరున్న ప్రభుత్వ రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థలో చూపించండి.

నిజంగానే అవసరమని తేలిందనుకుందాం. అసలు మోసం ఇక్కడుంది. డబ్బా మీద "1–7 లీటర్లు, 93 శాతం" అని పెద్దక్షరాలు. వెనక చిన్నక్షరాల్లో "1 లీటరు వద్ద" అని ఉంటుంది. నాబ్ తిప్పితే అంకె 5 చూపిస్తుంది, ట్యూబులో గాలి జోరుగా వస్తుంది, సాచురేషన్ మాత్రం కదలదు. ఈ మిషన్ గదిలో గాలినే లాక్కుంటుంది, అందులోని నైట్రోజన్‌ను లోపలి జియోలైట్ గుళికలు పట్టి ఉంచాలి. గుళికలు తక్కువ, కంప్రెసర్ చిన్నది అయితే ఎక్కువ గాలి పోనిచ్చేకొద్దీ నైట్రోజన్ కూడా కలిసి వచ్చేస్తుంది. అప్పుడు వచ్చేది దాదాపు మామూలు గాలే. అసలైన 5 లీటర్ల మిషన్ 5 లీటర్ల దగ్గర కూడా 90 నుంచి 96 శాతం ఇవ్వాలి. డబ్బు కట్టకముందే మిషన్ ఒక 20 నిమిషాలు నడిపించి, ఆక్సిజన్ ఎనలైజర్ (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) పెట్టి 5 దగ్గర చూపించమనండి. ఎనలైజర్ లేదన్న చోట కొనకండి. సెకండ్ హ్యాండ్ అయితే ఎన్ని గంటలు నడిచిందో మీటర్ చూడండి. తేమ తగిలిన గుళికలు పాడైపోతాయి, వాడకుండా మూల పడేసిన మిషనైనా సరే.

భుజాన వేసుకునే చిన్న మిషన్ల మీద 2 అంటే 2 లీటర్లు కాదు. శ్వాస పీల్చినప్పుడు మాత్రమే వచ్చే మోతాదు నంబరది. నిద్రలో శ్వాస పలచబడితే కొన్ని మిషన్లు దాన్ని పసిగట్టలేవు.

మిషన్ ఇంటికొచ్చాక సాచురేషన్ 98 రావాలని పెంచుకుంటూ పోకండి. సీఓపీడీ వాళ్లకు చాలామందికి 88–92 చాలు. ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పొద్దున్నే తలనొప్పి, మత్తు వస్తాయి. అలా కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను కలవండి.

కరెంటు సంగతీ చెప్పాలి. 350 వాట్ల మిషన్ రోజుకు 15 గంటలు నడిస్తే నెలకు 150 యూనిట్ల పైమాటే. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఉన్న ఇల్లు నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. కరెంటు పోయినప్పటికి నిండు బి టైపు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి పక్కన పెట్టుకోండి. నిమిషానికి 2 లీటర్ల చొప్పున దాదాపు 12 గంటలు వస్తుంది.

సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు లేనిదే డబ్బివ్వకండి. వారంటీ ఎవరిస్తారో, రిపేరుకు బెంగళూరులో ఎక్కడికి తీసుకెళ్లాలో బిల్లు మీదే రాయించండి. మోసపోయిన వాళ్లు ఆ బిల్లుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.