గుండుగుత్తగా వేయడమా, ఏరి వేయడమా? అమెరికా ఓటరుకు ఏది మేలు?

అమెరికాలో నా తొలి ఓటు 2018 నవంబరులో, టెక్సస్‌లో హ్యూస్టన్ నగరం ఉన్న హారిస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పడింది. అప్పట్లో అక్కడి ఓటింగ్ యంత్రానికి ఒక చిన్న చక్రం ఉండేది. దాన్ని తిప్పుకుంటూ పోయి, కావలసిన పేరు దగ్గర ఆపి మీట నొక్కాలి. సెనేటరు మొదలుకొని కౌంటీ కోర్టుల జడ్జీల దాకా పదుల కొద్దీ పదవులు. గుంటూరులో వేలికి సిరా పూయించుకొని, ఎమ్మెల్యేకి ఒకటి, ఎంపీకి ఒకటి, రెండు మీటలు నొక్కి వచ్చిన అలవాటు నాది. ఆ జాబితా చూసేసరికి గుండె జారింది. అయితే అన్నిటికంటే పైన ఒక సులువైన దారి కనిపించింది. పార్టీ పేరు ఒక్కటి ఎంచుకుంటే చాలు, ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడిపోతుంది. ఎంచుకున్నాను. రెండు నిమిషాల్లో బయటపడ్డాను.

మర్నాడు వార్తల్లో ఎడ్ ఎమెట్ ఓడిపోయారని చూశాను. ఆయన రిపబ్లికన్, మా కౌంటీ జడ్జి. పేరు చూసి కోర్టులో కూర్చునే జడ్జి అనుకోకండి. జిల్లా పరిషత్ ఛైర్మన్, కలెక్టరు కలిసి ఒక్క మనిషైతే ఎలా ఉంటుందో ఇంచుమించు అలాంటి పదవి అది. 2017లో హార్వే తుపాను ఊరిని ముంచెత్తినప్పుడు ఆయన పదే పదే టీవీలో కనిపించి, ఎక్కడ ఏం జరుగుతోందో నిదానంగా చెబుతుంటే మాకు ఎంతో ధైర్యంగా ఉండేది. మా వీధిలో డెమోక్రాట్లు కూడా ఆయన్ను మెచ్చుకున్నారు. నేనైతే ఆయనకే ఓటు వేయాలని అనుకునే వెళ్లాను. చక్రం తిప్పి డెమోక్రాటిక్ పార్టీ దగ్గర మీట నొక్కి వచ్చాను.

ఆయనపై గెలిచిన లీనా హిడాల్గోకు అప్పటికి 27 ఏళ్లు. తేడా రెండు శాతం కూడా లేదు. ఆ కౌంటీలో గుండుగుత్తగా పడ్డ ఓట్లలో డెమోక్రాట్లకు దక్కిన ఆధిక్యం ఆ తేడాకంటే చాలా ఎక్కువ. ఆవిడ ఆ పదవికి తగరని నేను అనడం లేదు, 2022లో మళ్లీ గెలిచారు కూడా. నా బాధల్లా ఆ ఓటు నేను వేసింది కాదు, నా బద్ధకం వేసింది.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కొత్తగా పౌరసత్వం వచ్చిన మన వాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతారు: పార్టీని నమ్ముకొని మొత్తం దానికే వేయాలా, లేక మన పత్రికలు క్రాస్ ఓటింగ్ అనేదాన్ని, అంటే ఏరి వేయడాన్ని, అలవాటు చేసుకోవాలా? రెండూ కాదని మూడో పార్టీ వైపు చూడాలా?

ముందు పార్టీ ఓటుకు న్యాయం చేయాలి. 2018లో టెక్సస్ ఓటర్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది నాలాగే ఒక్క మీటతో పని ముగించారు. వాళ్లందరూ బద్ధకస్తులని నేను అనుకోను. పేరు కూడా ఎప్పుడూ వినని మనిషి గురించి పార్టీ గుర్తు ఎంతో కొంత చెబుతుంది. ఇక వాషింగ్టన్‌కు పంపే మనిషి విషయంలో అయితే అది దాదాపు అంతా చెబుతుంది. 2021 జనవరి 5న జార్జియాలో రెండు సెనేట్ స్థానాలకు మలివిడత ఎన్నిక, అంటే మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు జరిపేది, జరిగింది. ఆ రెండూ డెమోక్రాట్లకు దక్కడంతో సభ 50-50 అయింది, ఉపాధ్యక్షురాలి ఓటుతో ఆధిక్యం ఆ పార్టీకి వెళ్లింది. కమిటీల పెద్దలు ఎవరు, ఏ బిల్లు చర్చకు వస్తుంది, ఏ జడ్జి పేరు ముందుకు కదులుతుంది అన్నవన్నీ ఆ ఆధిక్యంతోనే తేలతాయి. 2016లో ఒబామా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన మెరిక్ గార్లండ్‌ను రిపబ్లికన్ల చేతిలోని సెనేట్ కనీసం విచారణకైనా పిలవలేదు. కాబట్టి "మనిషి మంచివాడు, పార్టీయే నాకు నచ్చదు" అంటూ సెనేటరుకు ఓటు వేసేవారిని చూస్తే, పెళ్లికొడుకు నచ్చాడు కానీ అత్తవారింటితో నాకు పనిలేదు అనే అమ్మాయి గుర్తొస్తుంది.

అయినా ఇక్కడ మన దేశానికీ అమెరికాకూ ఒక పెద్ద తేడా ఉంది. మనకు 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. అమెరికాలో అలాంటిదేమీ లేదు. 2017 జులైలో ఆరోగ్య బీమా చట్టం రద్దుకు రిపబ్లికన్లు పెట్టిన బిల్లు 51-49తో వీగిపోయిందంటే జాన్ మెకెయిన్, సుసాన్ కాలిన్స్, లీసా మర్కౌస్కీ అనే ముగ్గురు సొంత పార్టీవాళ్లే అడ్డం తిరగడం వల్ల. అంటే మనిషికీ విలువ ఉంది. ఇది రెండువైపులా కోసే కత్తి. ఉత్తర కరోలినాలో ట్రిషా కాథమ్ 2022లో డెమోక్రాట్‌గా రాష్ట్ర సభకు గెలిచి, 2023 ఏప్రిల్‌లో రిపబ్లికన్ కండువా కప్పుకున్నారు. ఆ ఒక్కరి రాకతో గవర్నరు (అక్కడ మన ముఖ్యమంత్రి లాంటి పదవి, ప్రజలే ఎన్నుకుంటారు) వీటోను తోసిపుచ్చగల బలం రిపబ్లికన్లకు దొరికింది. పదవి మాత్రం పోలేదు. పార్టీని చూసి ఓటేసిన షార్లెట్ శివారు జనం అలా చూస్తూ ఉండిపోవలసి వచ్చింది.

జాబితాలో కిందికి దిగుతున్న కొద్దీ పార్టీ ఓటు విలువ కరిగిపోతుంది. టెక్సస్‌లో జడ్జీలు కూడా పార్టీ గుర్తు మీదే పోటీ చేస్తారు. 2018లో హారిస్ కౌంటీలో పోటీకి వచ్చిన జడ్జి స్థానాలు 59, అన్నీ డెమోక్రాట్లకే వెళ్లాయి. ఓడినవారిలో సమర్థులు లేరా? ఉన్నారు. గెలిచినవారిలోనూ ఉన్నారు. ఎవరు ఎలాంటివారో చూసే తీరిక గాలికి లేదు, అంతే. విడాకుల కేసు, ఆస్తి తగాదా, పిల్లల సంరక్షణ విషయంలో తీర్పు చెప్పే మనిషికి పన్నుల మీద ఏ పార్టీ అభిప్రాయం ఉంటే నాకేం?

టెక్సస్ శాసనసభ 2017లో ఈ ఒక్క మీట పద్ధతిని రద్దు చేసింది, 2020 నవంబరు నుంచి అది అమలైంది. మిషిగన్ దానికి సరిగ్గా ఎదురు దిక్కున నడిచింది. అక్కడ శాసనసభ తీసేస్తే, 2018లో ప్రజలే భారీ ఆధిక్యంతో ఓటు వేసి రాజ్యాంగంలో పెట్టుకున్నారు. నాకు నచ్చింది మిషిగన్ పద్ధతిలోని ఒక వెసులుబాటు. ముందు పార్టీకి గుండుగుత్తగా గుర్తు పెట్టి, తర్వాత ఏదైనా ఒక పదవికి వేరే పార్టీ మనిషిని విడిగా ఎంచుకుంటే, ఆ పదవికి ఆ విడి ఓటే లెక్కలోకి వస్తుంది. 2018లో మా దగ్గరా ఆ వీలుండేది, నేను ఆ చక్రాన్ని ఇంకొంచెం తిప్పే ఓపిక చూపి ఉంటే ఎమెట్ దగ్గర ఆగేవాడినేమో.

ఏరి వేసేవాళ్లు తక్కువే, కానీ గట్టి పోటీ ఉన్న చోట తీర్పు వాళ్లదే. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష అభ్యర్థిగా ఎవరు గెలిచారో ఆ పార్టీవాడే సెనేటరు అయ్యాడు. ఇక క్రాస్ ఓటు చచ్చిపోయిందన్నారు. 2022లో జార్జియా చూడండి: రిపబ్లికన్ గవర్నరు బ్రయన్ కెంప్ సుమారు 3 లక్షల ఆధిక్యంతో గెలిచారు, అదే రోజు అదే బ్యాలెట్ మీద డెమోక్రాట్ రఫాయెల్ వార్నాక్ ముందంజలో నిలిచి, డిసెంబరు మలివిడతలో మళ్లీ సెనేటరయ్యారు. 2024లో అరిజోనా, నెవాడా, విస్కాన్సిన్, మిషిగన్ ట్రంప్‌ను గెలిపిస్తూనే డెమోక్రాట్ సెనేటర్లను పంపాయి. వెర్మాంట్ అధ్యక్ష పదవికి డెమోక్రాట్ కమలా హారిస్‌కు ఓటేసి, రిపబ్లికన్ గవర్నరు ఫిల్ స్కాట్‌కు 70 శాతానికి పైగా ఇచ్చింది. గవర్నరు పని రోడ్లు, బడ్జెట్, తుపాను సాయం. అక్కడ మనిషిని చూడటం తెలివైన పనే. కానీ "ఒకడు అధ్యక్షుడైతే సభ ఇంకొకడికి ఉండాలి, సమతూకం" అని లెక్కలు వేసి ఏరేవారితో నాకు పేచీ ఉంది. తర్వాత ఏ పనీ ముందుకు కదలకపోతే మొదట గొణిగేదీ వాళ్లే.

ఇప్పుడు మన వాళ్లలో ఎక్కువగా వినిపించే మాట: "మేం ఏ పార్టీ వాళ్లమూ కాదు, తటస్థులం." గ్యాలప్ సర్వేలో 2024లో 43 శాతం అమెరికన్లు తమను తాము అలాగే చెప్పుకున్నారు. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ అసలు ఎంపిక చాలా చోట్ల నవంబరులో కాదు, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నికలో, జరిగిపోతుంది. న్యూయార్క్‌లో ప్రైమరీ పార్టీలో నమోదైన వారికే. 2016లో డొనాల్డ్ ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ గడువులోగా రిపబ్లికన్లుగా నమోదు కాకపోవడంతో కన్నతండ్రికే ప్రైమరీలో ఓటు వేయలేకపోయారు! 2018 జూన్‌లో అక్కడే అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఎన్నో ఏళ్ల సిట్టింగ్ సభ్యుడు జో క్రౌలీని ఓడించినప్పుడు ఆమెకు పడినవి 17 వేల లోపు ఓట్లు. దాదాపు 7 లక్షల జనాభా ఉన్న నియోజకవర్గం అది. 2014లో వర్జీనియాలో రిపబ్లికన్ సభాపక్ష నాయకుడు ఎరిక్ కాంటర్ ఇంటిదారి పట్టిన ప్రైమరీలో పోలైనవి మొత్తం 65 వేలు.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను. పార్టీ నమోదు ఉన్న రాష్ట్రంలో, మీ ప్రాంతంలో గెలిచే పార్టీ ఏదో చూసి అందులో నమోదు కండి. ఇది మన దగ్గర సభ్యత్వం తీసుకోవడం లాంటిది కాదు. రుసుము లేదు, కండువా లేదు, నవంబరులో ఎదుటి పార్టీకి వేసుకున్నా అడిగేవాడు లేడు. టెక్సస్, వర్జీనియా, జార్జియాల్లో ఆ నమోదు కూడా లేదు, ప్రైమరీ రోజున ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగితే సరి. అయితే టెక్సస్‌లో మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో వేశాక, అదే ఏడాది మలివిడతలో రెండో పార్టీ వైపు వెళ్లలేరు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఎవరికి వేశారన్నది రహస్యం, ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది మాత్రం ఇక్కడ బహిరంగ రికార్డు. ఆసక్తి ఉన్న బావమరిది వెతికి పట్టుకోగలడు.

మూడో పార్టీ గురించి ఎక్కువ చెప్పను. 1992 అధ్యక్ష ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడ్డ రాస్ పెరో దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకుని, రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటీ పొందలేదు. 2000లో ఫ్లోరిడాను బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచి అధ్యక్షుడయ్యారు, మూడో పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు అక్కడ పడినవి 97 వేలకు పైగా. మెయిన్ లాంటి చోట ప్రాధాన్య క్రమంలో ఓటు వేయనిస్తారు కనుక మొదటి ఇష్టాన్ని ధైర్యంగా రాసుకోవచ్చు. 2018లో అక్కడ మొదటి లెక్కలో వెనకబడ్డ జారెడ్ గోల్డెన్ రెండో ఇష్టాల లెక్కతో గెలిచారు. మిగతా చోట్ల మూడో పార్టీ ఓటు మనసు చల్లబరుచుకోవడానికే.

ఇప్పుడు నేను చేసే పని ఇది. ఎన్నికకు వారం ముందు నమూనా బ్యాలెట్ దించుకుని కాగితం మీద రాసుకుంటాను. ఓటు వేసే చోట ఫోను వాడనివ్వరు, కాగితం తీసుకెళ్లనిస్తారు. సెనేటరు, కాంగ్రెస్ సభ్యుడి దగ్గర పార్టీ. గవర్నరు దగ్గర కాస్త తటపటాయింపు. కౌంటీ, జడ్జీలు, స్కూలు బోర్డు దగ్గర మనిషి. ఏమీ తెలియని పదవిని ఖాళీగా వదిలేస్తాను, దాంతో మిగతా ఓట్లు చెల్లకుండా పోవు. మొదట్లో చాలామందికి ఉండే భయం అదే. మా ఆవిడ కాగితం వేరు. పై మూడు పేర్లు కలుస్తాయి, కిందికి వచ్చేసరికి ఇంట్లో చర్చ మొదలవుతుంది.

మా నాన్న 1983 నుంచి ఒకే గుర్తుకు ఓటు వేస్తున్నారు. ఎన్నికల రాత్రి గుంటూరు నుంచి ఫోను చేసి, "ఇంతకీ ఎవరికి వేశావురా?" అని అడుగుతారు.

"ఏ పదవికి, నాన్నా?" అంటాను.

"పార్టీ అడుగుతుంటే పదవులంటావేమిటి?" అని ఫోను అమ్మకిచ్చేస్తారు.