సెకండ్ హ్యాండ్ ఆయిల్ హీటర్: కొన్ని చలికాలాలు వాడాక

లోపలి నూనె కాగి గదిని వెచ్చబెట్టే ఈ ఆయిల్ హీటర్‌ని నేను వాడినదే కొన్నాను, కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను, ఇంకా పనిచేస్తోంది. 2000 వాట్లది, 800కి ఒకటి 1200కి ఒకటి రెండు స్విచ్‌లు, వాటి పక్కన థర్మోస్టాట్ (కావలసినంత వేడెక్కగానే ఆపి, చల్లబడితే మళ్లీ అందుకునేది) నాబ్. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ రకం హీటర్లన్నిటికీ లోపల సరుకు దాదాపు ఒకటే కాబట్టి. పాతది కదా, వేడి తగ్గిపోయి ఉంటుందేమో అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకోసం రాస్తున్నాను.

వేడి తగ్గదండీ. హీటర్ లాగిన కరెంటు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. పాతదైనా కొత్తదైనా 2000 వాట్లు లాగితే 2000 వాట్ల వేడి ఇచ్చి తీరాల్సిందే. అరిగిపోయేవి వేరే ఉన్నాయి: ప్లగ్గు, వైరు, స్విచ్ కాంటాక్టులు, థర్మోస్టాట్. అమ్మేవాళ్లేమో ప్లగ్గు పెట్టి, "చెయ్యి పెట్టి చూడండి ఎలా కాలుతోందో" అంటారు. ఆ పరీక్షలో పాడైన హీటర్ కూడా పాసవుతుంది, థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా కాగేదైతే ఇంకా బాగా పాసవుతుంది!

నేనైతే ముందు ప్లగ్గు చూస్తాను. పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, మెత్తబడి వంకరపోయినా అది ఎప్పుడో బాగా కాలిందని అర్థం. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే 8.7 ఆంపియర్లు, అదీ గంటల తరబడి, కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఊసే వద్దు. గంట నడిచాక గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఎక్కడో లూజ్ కాంటాక్ట్ ఉంది. తప్పు హీటర్‌దే కానక్కర్లేదు, మా ఇంట్లో గోడ సాకెట్ వదులైపోయి ఇలాగే వేడెక్కేది, దాన్ని మార్పిస్తే సరిపోయింది.

మల్టీమీటర్ ఉంటే పని ఇంకా తేలిక. ప్లగ్గు గోడలో లేనప్పుడు నాబ్ చివరిదాకా తిప్పి, రెండు స్విచ్‌లూ వేసి, ఫేజ్ న్యూట్రల్ పిన్నుల (చిన్నవి రెండూ) మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 230 వోల్టుల మీద 2000 వాట్లు లాగాలంటే 26 ఓంల చుట్టుపక్కల చూపించాలి. 1200 స్విచ్ ఒక్కటే వేస్తే 44, 800 ఒక్కటే వేస్తే 66. రెండూ వేసినా 44 దగ్గరే ఆగిపోయిందంటే రెండో ఎలిమెంట్ (లోపల కాగే తీగ) గానీ దాని స్విచ్ గానీ పోయిందన్నమాట, చేతికి మాత్రం అప్పుడూ వేడిగానే తగులుతుంది, అందుకే చేతిని నమ్మొద్దనేది. ఈ లెక్క హాలోజన్ హీటర్లకు పనికిరాదు, వాటిలోది టంగ్‌స్టన్ తీగ, చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ చాలా తక్కువ చూపిస్తుంది.

అదే మీటర్‌తో ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య కూడా చూడండి, పెయింట్ మీద కాకుండా ఏదైనా స్క్రూ మీద ఆనించి. 1 ఓం కంటే తక్కువ రావాలి. రాలేదంటే, లేదా ఎర్త్ పిన్నే విరగ్గొట్టి ఉందంటే బేరం ఆడకుండా వెనక్కి రండి. బాడీలోకి కరెంటు లీకేజీ సంగతి మామూలు మల్టీమీటర్‌తో పూర్తిగా తేలదు, ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూస్తేనే నమ్మకం. చాలాకాలం మూలన పడున్న హీటర్ పెట్టగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతుంటే ఒక్కోసారి కారణం తేమ: ఎలిమెంట్ గొట్టంలో తీగ చుట్టూ ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీలుస్తుంది. దాన్ని ఆరబెట్టించి మళ్లీ కొలిపించాలి గానీ, ఆర్‌సీసీబీని తప్పించి నడిపే తెలివితేటలు మాత్రం వద్దు.

థర్మోస్టాట్ పరీక్షకు మీటర్ అక్కర్లేదు, ఓపిక కావాలి, అమ్మేవాళ్లకు లేనిదీ అదే. గది కాస్త వెచ్చబడ్డాక నాబ్‌ని నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ వస్తే ఎక్కడో ఒకచోట టక్కుమని ఆగాలి, మళ్లీ పెంచితే టక్కుమని అందుకోవాలి. ఎంత తిప్పినా ఆగకపోతే కాంటాక్టులు అతుక్కుపోయాయి, ఇక మిగిలింది మితిమీరి కాగితే కరెంటు ఆపేసే లోపలి థర్మల్ కటాఫ్ ఒక్కటే. దాన్ని కూడా ఎవరైనా వైరుతో కలిపేసి ఉండొచ్చు. కంట్రోల్ బాక్స్ స్క్రూల తలలు అరిగిపోయి ఎవరో విప్పిన గుర్తులుంటే నేను కొనను, అంతే. పడిపోతే ఆగే స్విచ్ ఉన్న మోడలైతే నడుస్తుండగా కాస్త వంచి చూడండి, ఆగిపోవాలి.

బండిలో పడుకోబెట్టి తెస్తే వెంటనే ఆన్ చేయొద్దు, కాసేపు నిలబెట్టి ఉంచితే నూనె కిందికి దిగి ఎలిమెంట్‌ని కప్పుతుంది. ఆన్ చేశాక టిక్ టిక్‌మనే చప్పుళ్లు రేకు వ్యాకోచించేవి, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. మొదట్లో కాలిన దుమ్ము వాసన కూడా మామూలే. ప్లాస్టిక్ కాలిన వాసన మాత్రం మామూలు కాదు. రెక్కల అతుకుల దగ్గర జిడ్డు తగిలితే నూనె కారుతోందని అర్థం, దానికి ఎం-సీల్ పూసి వాడుకోవచ్చనే సలహా వినొద్దు.

వాడకంలో నచ్చనివి: బరువు, నిదానం. చెయ్యి పెట్టలేనంత కాగడానికి పావుగంట పైనే పడుతుంది, స్నానం చేసి వచ్చి వెంటనే వెచ్చగా కావాలనుకునేవాళ్లకు ఫ్యాన్ హీటరే నయం. ఇంకొకటి, వోల్టేజి పడిపోయిన రోజు ఇది నీరసంగా ఉంటుంది, 200 వోల్టులే వస్తే 2000 వాట్లది 1500 దగ్గరికి దిగిపోతుంది, అది హీటర్ లోపం కాదు. చక్రాల్లో ఒకటి విరిగింది, మార్చాను. 1200 స్విచ్‌లోని చిన్న లైటు ఈ మధ్య వెలగడం మానేసింది, ఎలిమెంట్ మాత్రం కాగుతూనే ఉంది. అందుకే లైటు లేదు కదా ఆఫ్‌లో ఉందిలే అనుకోకుండా, వాడకం అయిపోగానే గోడలోంచి ప్లగ్గు పీకేస్తున్నాను.