కొమ్ము మొక్కలకు ఏ కట్టు నిలుస్తుంది: నూలు దారం, నైలాన్ దారం, జెల్ గ్లూలపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మంచినీటి ఎక్వేరియంలో అనుబియస్, జావా ఫెర్న్, బుసెఫలాండ్రా వంటి కొమ్ము మొక్కలను రాళ్లకూ, తొట్టిలో అలంకరణకు పెట్టే చెక్కకూ (డ్రిఫ్ట్‌వుడ్) పట్టించడానికి నేను కొన్నేళ్లుగా నూలు దారాన్ని, నైలాన్ దారాన్ని, జెల్ రూపంలో దొరికే సూపర్ గ్లూను వాడుతున్నాను. వేర్లు పట్టు బిగించేదాకా కట్టు నిలవాలి. ఆ గడువు మొక్కమొక్కకూ మారుతుంది కనుక, మూడింటిలో ఏది మేలన్నది మొక్కను చూశాకే తేలుతుంది.

అందుకే ముందు మొక్కను సరిగా గుర్తించాలి. కుండీలోని దూదివంటి రాక్‌వూల్‌ను పూర్తిగా తీసి చూస్తే, కొమ్ము మొక్కల్లో పసుపు కొమ్ములా అడ్డంగా సాగే మందపాటి కాండం (ఇక్కడ కొమ్ము అంటున్నది దీన్నే), దాని పైనుంచి ఆకులు, కిందినుంచి వేర్లు కనిపిస్తాయి. ఆకులన్నీ ఒకే మొదలు నుంచి గుత్తిగా లేచే క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్‌లను మాత్రం ఇసుకలోనే నాటాలి. కొమ్మును ఇసుకలో పూడ్చితే అది మెత్తబడి కుళ్లుతుంది, ఆకులు మొదళ్ల దగ్గర ఊడిపోతాయి. వేర్లు మాత్రం ఇసుకలోకి దిగినా నష్టం లేదు. జావా ఫెర్న్ ఆకు అడుగున వరుసగా కనిపించే ముదురు చుక్కలు సిద్ధబీజాల గుంపులు కావచ్చు. వాటిని తెగులనుకుని ఆకులు కత్తిరించనక్కరలేదు.

గరుకైన చెక్క మీద జావా ఫెర్న్‌కు నూలు దారమే నాకు బాగా నచ్చింది. దారం నీటిలో నాని చివికేలోగా వేర్లు చెక్కను పట్టుకుంటాయి, తర్వాత విప్పాల్సిన పనీ ఉండదు. నెమ్మదిగా పెరిగే అనుబియస్‌ను నున్నటి రాతికి అదే దారంతో కడితే, వేర్లు పట్టకముందే దారం తెగి మొక్క పైకి తేలుతుంది. నైలాన్ దారం చివకదు గాని, బిగించి కడితే కొమ్ము లావయ్యే కొద్దీ అందులోకి దిగబడుతుంది. కాస్త వదులుగా కట్టి, వేర్లు పట్టాక తీసివేయాలి.

రాతి మీద అనుబియస్‌కూ చిన్న బుసెఫలాండ్రా ముక్కలకూ జెల్ గ్లూకు సాటి వచ్చేది నాకు కనబడలేదు. ఇందులోని సయనోఎక్రిలేట్ తేమ తగిలితేనే గట్టిపడుతుంది కాబట్టి రాయి కాస్త తడిగా ఉన్నా అతుకుతుంది. పల్చటి ద్రవరూపం మాత్రం జారి అక్కరలేని చోటికి పాకుతుంది. కొమ్ము అడుగున రెండు మూడు చోట్ల చిన్న చుక్కలు పెట్టి కొద్దిసేపు అదిమితే చాలు, కొమ్ము పెరిగే కొనకు జిగురు తగలకూడదు. తెల్లటి మరక చాలాకాలం కనిపించడం దీని లోపం. పొరలు రాలే పాత చెక్క మీదనైతే పొరతోపాటే అతుకూ ఊడిపోతుంది.

కొత్త నీటిలో పెట్టిన బుసెఫలాండ్రా ఆకులు రాల్చినా, కొమ్ము గట్టిగా ఉంటే దాన్ని కదిలించకుండా వదిలేయాలి. చిగురు మళ్లీ వస్తుంది. అనుబియస్‌ను నీడపట్టున అమర్చడం మేలు, ఎందుకంటే నిదానంగా పెరిగే దాని ఆకుల మీద ఎక్కువ వెలుతురులో పచ్చటి నాచు చుక్కలు త్వరగా పేరుకుంటాయి. తొట్టి అమరికను తరచుగా మార్చేవారు మొక్కను పెద్ద రాతికి కాక అరచేతిలో ఇమిడే చదునైన రాతికి అతికించుకుంటే, వేర్లు చెదరకుండా రాతితో సహా దాన్ని జరుపుకోవచ్చు.