సరళ యంత్రాల పెట్టె: మా బడిలో రెండు నెలల వాడకం

1,450 రూపాయలు పెట్టి కొన్న ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైన వస్తువు మూత మీద వేసిన బొమ్మలో లేనే లేదు. అడుగున అట్టముక్కల కింద కాగితంలో చుట్టి పెట్టిన స్ప్రింగ్ త్రాసు అది. కిలో వరకు తూచగలదు, ఇరవై గ్రాములకు ఒక గీత ఉంది. మొదటి రోజు దాన్ని నేను దాదాపు అట్టతో పాటు పారేయబోయాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఈ పెట్టె కొనదగిందే అని చెప్పడానికి ముఖ్య కారణంగా దాన్నే చూపిస్తాను.

మాది నకిరేకల్ వైపు ఒక ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇద్దరం ఉపాధ్యాయులం. నాలుగు, ఐదు తరగతులు కలిపి నేనే చూస్తాను. రెండిటికీ కలిపి 23 మంది పిల్లలు. మీట, గిలక, వాలుతలం లాంటి సరళ యంత్రాల గురించి చెప్పాలనుకున్నప్పుడల్లా నల్లబల్ల మీద బొమ్మ వేసి ‘ఇది మీట, ఇది గిలక’ అనడమే ఇన్నేళ్లూ జరిగింది. ఈ ఏడాది అలా చెప్పడానికి మనసు ఒప్పలేదు. నేనూ ప్రధానోపాధ్యాయుడూ చెరి సగం వేసుకుని ఆన్‌లైన్‌లో ఈ పెట్టె తెప్పించాం. ఇలాంటివి రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, బొమ్మలు చూస్తే లోపలి సామాను దాదాపు ఒకేలా ఉంది. అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. కొనేవాళ్లకు పనికొచ్చేది లోపల ఏముంది, అది ఎలా పనిచేస్తుంది అన్నదే.

లోపల ఉన్నవి ఇవి: మడత పెట్టగలిగే వాలు పలక, చిన్న నాలుగు చక్రాల బండి, నాలుగు ప్లాస్టిక్ గిలకలు, రంధ్రాలున్న మీట, ఒక స్టాండు, బల్లకు బిగించే బిగింపు, పది గ్రాముల బిళ్లలు ఇరవై, చక్రం-ఇరుసు నమూనా, ఒక చీల (చీల్చడానికి దిగగొట్టే ఏటవాలు ముక్క), ఒక పెద్ద మర (స్క్రూ), నూలు తాడు, చిన్న పుస్తకం.

వాలు పలకతో మొదలుపెట్టాం. పిల్లలకు అది కొత్త కాదు. బత్తాయి తోటల ప్రాంతం మాది. లారీకి పలక ఆనించి హమాలీలు కాయల సంచులు మోసుకెళ్లడం, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర బస్తాలు అలాగే ఎక్కించడం అందరూ చూసినవాళ్లే. ‘పలక ఎందుకు వేస్తారు?’ అంటే 23 మందీ ఒకే గొంతుతో ‘తేలిక కాబట్టి’ అన్నారు. ఎంత తేలిక అన్న ప్రశ్నకు జవాబు లేదు. అక్కడే స్ప్రింగ్ త్రాసు పనికొచ్చింది. ఇసుక నింపిన బండిని త్రాసుకు తగిలించి నిటారుగా ఎత్తితే 600 గ్రాములు చూపింది. 90 సెంటీమీటర్ల పలకను 30 సెంటీమీటర్ల ఎత్తుకు ఆనించి, బండిని దాని మీదుగా మెల్లగా లాగితే 220. పలకను 60 సెంటీమీటర్లకు మడిచి అదే ఎత్తుకు ఆనిస్తే 320. చక్రాలు తీసేసి బండిని పొడుగు పలక మీద ఈడిస్తే 370. ఈ నాలుగు అంకెలూ నల్లబల్ల మీద రాసి నేను ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. కాసేపటికి ఐదో తరగతి పిల్లవాడొకడు లేచి, ‘టీచర్, బలం తగ్గింది కానీ దారి పెరిగింది’ అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ పెట్టె తెప్పించాను అనిపించింది. పదమూడేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లవాడి నోటి నుంచీ అది అలా రాలేదు.

ఆ తర్వాత పది నిమిషాలు యాదగిరిగుట్ట గురించే. మెట్ల దారిలో ఎక్కితే ఆయాసం, ఘాట్ రోడ్డు మీద బస్సు చుట్టూ తిరుగుతూ వెళ్తుంది. దూరం ఎక్కువ, ఎక్కుడు తక్కువ. కాగితాన్ని త్రిభుజంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూపించాను. వాలు అంచు మెలికలు తిరిగి మర అయింది. పెట్టెలోని పెద్ద ప్లాస్టిక్ మర కన్నా ఈ కాగితమే పిల్లలకు ఎక్కువ నచ్చింది. ఇంటికి వెళ్లి అందరూ చేసుకున్నారు.

గిలకల దగ్గర పెట్టె కొంత ఇబ్బంది పెట్టింది. బల్లకు బిగించే బిగింపు మూడు సెంటీమీటర్లకు మించి తెరుచుకోదు. మా బడి బల్లలు పాత టేకువి, అంచు మందం. చివరికి కిటికీ చువ్వకు కట్టుకున్నాం. గిలకలు మాత్రం బాగా తిరుగుతాయి, గాడి లోతుగా ఉంది, తాడు జారలేదు. అరకిలో ఇసుక సంచిని పైన కట్టిన ఒక్క గిలక మీదుగా లాగితే త్రాసు 540 చూపింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. తేలిక కావాల్సింది బరువైంది! రాపిడి వల్ల అలా అవుతుందని చెప్పాను. ‘మరి బావికి గిరక ఎందుకు పెట్టారు టీచర్?’ అని ఒకరు అడిగారు. మా వైపు గిలకను గిరక అనే అంటారు. ఇందుకు నాలుగో తరగతి అమ్మాయి చెప్పిన జవాబు: ‘పైకి లాగడం కష్టం, కిందికి లాగడం సుఖం. ఒళ్లు బరువు కూడా వేయొచ్చు.’ ఆ పిల్ల వాళ్ల నాయనమ్మ ఇంటి దగ్గర చేదబావి ఇంకా వాడుకలో ఉంది. పుస్తకంలో ఒక పేజీ నిండా రాసినా అంత స్పష్టంగా చెప్పలేదు.

రెండో గిలకను సంచికే కట్టి లాగినప్పుడు త్రాసు 290కి దిగింది. సంచి 20 సెంటీమీటర్లు లేవడానికి తాడు 40 సెంటీమీటర్లు లాగవలసి వచ్చింది. స్కేలు పట్టుకుని మూడుసార్లు కొలిచారు. మొదట పలక దగ్గర విన్న మాటే ఇక్కడా తిరిగొచ్చింది. ఈసారి వాళ్లే ఎదురుచూసి పట్టుకున్నారు.

చిన్న గిలకలతో ఆగలేకపోయాం. ఒక శనివారం నల్లగొండ వెళ్లి ప్రకాశం బజారులో ఇనుప సామాను అమ్మే పాత దుకాణంలో రెండు బావి గిలకలు కొన్నాను, ఒక్కొక్కటి 160 రూపాయలు. దుకాణం పెద్దాయన ‘ఏ బావికమ్మా?’ అని అడిగారు. బడి పిల్లలకు అని చెప్పగానే అప్పటికే చేతిలో పెట్టిన గిలకను వెనక్కి తీసుకుని, లోపలి నుంచి ఇంకో రెండు తెచ్చారు. ‘గాడి అంచు కొట్టుకుపోయినది తీసుకోకండి, తాడు పక్కకు తప్పి ఇరుక్కుంటుంది. ఇరుసు దగ్గర వేలితో కదిలించి చూడండి, ఊగకూడదు’ అని చూపించి, నూనె చుక్క వేసి ఇచ్చారు. అంత శ్రద్ధగా అమ్మే దుకాణానికి మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. బడి వేపచెట్టు కొమ్మకు ఆ గిలకలు కట్టి, ఇటుకలు నింపిన బకెట్టును అందరిలోకీ సన్నగా ఉండే అమ్మాయి చేత ఎత్తించాం. బకెట్టు కింద ఎవరూ నిలబడకుండా ముగ్గుతో గీత గీశాను. పెద్ద గిలకలు వాడేవాళ్లెవరైనా ముందుగా చేయవలసిన పని అది.

ఇక లోపాలు. మీట మొదటి నుంచీ ఒక పక్కకు ఒరిగి ఉంది. నడిమి రంధ్రం సరిగ్గా నడిమధ్య లేదు. బిళ్లలు వేలాడదీయక ముందే ఎడమ వైపు కిందికి దిగుతుంది. మీట పాఠానికి ప్రాణం సమతూకం. ఆధారానికి రెండు వైపులా ఏది ఎంత దూరంలో ఉంటే సరిపోతుందో పిల్లలు కళ్లతో చూడాలి. ఆధారమే తప్పిన మీటతో వాళ్లకు తప్పే నేర్పుతాం. కుడి వైపు మైనం ముద్ద అంటించి రెండు రోజులు నెట్టుకొచ్చాను. ఎండకు మైనం మెత్తబడి జారింది. మార్చి పంపమని రెండుసార్లు రాశాను. మూడు వారాలైనా జవాబు లేదు. ఇంత డబ్బు తీసుకుని పిల్లల కోసం తయారు చేసే వస్తువులో ఒక రంధ్రం సరైన చోట వేయకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

అంతకన్నా పెద్ద బాధ పుస్తకం. తెలుగులో ఉందని చూసి సంతోషించాను. మూడో పేజీలోనే ‘చక్రం మరియు గొడ్డలి’ అని శీర్షిక. ఇరుసును ఇంగ్లిషులో ఆక్సిల్ అంటారు, దాన్ని ఆక్స్ అని పొరబడి గొడ్డలి చేశారు. ఎడ్లబండి తిరిగిన ఏ ఊళ్లోనైనా ఇరుసు తెలియని మనిషి ఉండడు. మాట చేతిలో ఉండగా అడగకుండా అచ్చు వేశారు. పేజీ మీద తెల్లకాగితం అతికించి ‘ఇరుసు’ అని రాశాను. అది ఒక మాటలో తప్పు, దిద్దవచ్చు. దిద్దడానికి కష్టమైనది ఇంకొకటి ఉంది: ‘సరళ యంత్రాలు మన పనిని తగ్గిస్తాయి’ అని పుస్తకం మూడు చోట్ల చెబుతుంది. తగ్గేది పెట్టవలసిన బలం. దూరం పెరుగుతుంది, ఆ రెండిటినీ గుణిస్తే వచ్చే పని తగ్గదు. రాపిడి కలిసి నిజానికి కొంచెం ఎక్కువే అవుతుంది. యంత్రంతో ప్రకృతిని మోసం చేయలేమని 400 ఏళ్ల కిందటే గెలీలియో తేల్చాడు. మా పిల్లలు త్రాసు పట్టుకుని అదే కొలిచారు. పెట్టెలోని త్రాసు ఒక మాట చెబుతుంటే పెట్టెలోని పుస్తకం ఇంకో మాట చెబుతోంది. ఈ పెట్టె కొనే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: పుస్తకం పిల్లల చేతికి ఇవ్వకండి, త్రాసు ఇవ్వండి.

పుస్తకంలో ఆర్కిమెడిస్‌కు రెండు పేజీలు ఇచ్చారు. సరుకుతో నిండిన ఓడను గిలకల సాయంతో ఒక్కడే కదిలించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన కథ పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. మంచిదే. కానీ పొలానికి నీళ్లు తోడే మన ఏతం గురించి ఒక్క వాక్యం లేదు. పొడుగు దూలం, మధ్యలో ఆధారం, ఒక కొసన బాన, ఇంకో కొసన మనిషి అడుగులు: దానికన్నా చక్కని మీట ఎక్కడ దొరుకుతుంది?

ఆ లోటును మా గోడపత్రిక తీర్చింది. నెలకోసారి తరగతి వార్తలు చార్టు మీద రాసి వరండాలో పెడతాం, తల్లిదండ్రులు పిల్లలను దింపేటప్పుడు చదువుతారు. ఈసారి అంతా ‘మా ఇంటి యంత్రాలు’. అడకత్తెర, పట్టకారు, కాంటా, తిరగలి వచ్చాయి. గీత కార్మికుడి కొడుకు తండ్రి గీత కత్తి బొమ్మ వేసి ‘చీల, పదును ఉంటేనే యంత్రం’ అని రాశాడు. పెట్టెలోని ప్లాస్టిక్ చీల దేన్నీ చీల్చదు, దాని గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు. బడి ఆవరణలో పాత బోరింగు ఉంది. ఫ్లోరైడ్ భయంతో ఆ నీళ్లు తాగం, చెట్లకు పోస్తాం. దాని పిడి మీట అని కనిపెట్టింది మూడో తరగతి పిల్లలు, కిటికీలోంచి మా పాఠం వింటూ. అందరికన్నా పొడుగు వార్త ఒక అమ్మాయి రాసింది: వాళ్ల ముత్తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడట. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట రాతి కట్టడం. వాలుగా కట్టిన పరంజాల మీద రాళ్లు మోసుకుని బారులు తీరి ఎక్కుతున్న కూలీల ఫొటోలు ఆ కాలంవి ఉన్నాయి. ఒకటి సంపాదించి ఆ వార్త పక్కన అతికించాను. ‘ఇది కూడా వాలుతలమే’ అని కింద రాసింది ఆ అమ్మాయే. ఆమె తండ్రి మరునాడు వచ్చి ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

కొనవచ్చా అని అడిగేవాళ్లకు: వాలు పలక, బండి, గిలకలు, స్ప్రింగ్ త్రాసు బాగున్నాయి, రెండు నెలలు ఇంతమంది చేతుల్లో తిరిగినా విరగలేదు. 23 మందికి ఒక్క త్రాసు చాలదు, ఇంకో రెండు విడిగా కొనండి. తాడు నాసిరకం, రెండో వారానికే పోగులు లేచాయి, నైలాన్ తాడు వేసుకోండి. మీట వచ్చిన రోజే వేలాడదీసి చూసి, ఒరిగితే వెంటనే తిప్పి పంపండి. నేను ఆ రోజు చూడకపోవడం వల్ల గడువు దాటిపోయింది.

మీట కోసం చివరికి ఊరి వడ్రంగి దగ్గరకు వెళ్లాను. ఆయన వేప చెక్కతో మీటరు పొడుగు బద్ద చిత్రిక పట్టి, దారం కట్టి వేలాడదీసి, అటు ఒక పొర ఇటు ఒక పొర తీస్తూ నిలకడగా నిలిచేదాకా చూసి, అప్పుడు పది సెంటీమీటర్లకు ఒక రంధ్రం వేశారు. డబ్బు తీసుకోలేదు, ఆయన మనవరాలు మా దగ్గరే మూడో తరగతి. సోమవారం దాన్ని కిటికీ చువ్వకు కట్టాం. ఎడమ వైపు 20 సెంటీమీటర్ల దగ్గర నాలుగు బిళ్లలు, కుడి వైపు 40 దగ్గర రెండు. బద్ద ఒకటి రెండుసార్లు ఊగి నిలిచింది.