ఫాంటమ్ 4 ఆర్‌టీకేనా, మావిక్ 3 ఎంటర్‌ప్రైజా?

రెండూ చైనా కంపెనీ డీజేఐ డ్రోన్లే. మ్యాపింగ్‌కి, అంటే పై నుంచి ఫొటోలు తీసి నేల పటం తయారుచేసే పనికి, నేనైతే మావిక్ 3 ఎంటర్‌ప్రైజే తీసుకోమంటాను. ఫాంటమ్ 4 ఆర్‌టీకే పాతదే, 2018 నాటిది, కానీ తీసిపారేసేది కాదు. ఆర్‌టీకే, అంటే డ్రోన్ ఉన్న చోటును సెంటీమీటర్ల కచ్చితత్వంతో చెప్పే పరికరం, దాని ఒంట్లోనే ఉంటుంది. మావిక్‌కైతే ఆ మాడ్యూల్ పైన బిగించుకోవాలి.

రెండూ 20 మెగాపిక్సెల్సే. 100 మీటర్ల ఎత్తులో ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 2.7 సెంటీమీటర్లు. రెండింటికీ మెకానికల్ షట్టర్ ఉంది, ఇది చాలా ముఖ్యం. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫొటోను వరుసలవారీగా చదువుతుంది. ఆలోపే డ్రోన్ ముందుకు జరిగిపోతుంది. తిన్నని పొలం గట్టు ఫొటోలో కాస్త ఒరిగి పడుతుంది, ఆ వంకర కొలతల్లోకీ వస్తుంది.

అసలు తేడా బ్యాటరీలో. కంపెనీ లెక్కన ఫాంటమ్ 30 నిమిషాలు, మావిక్ 45 నిమిషాలు ఎగురుతాయి. గాలి ఉంటే రెండూ తగ్గుతాయి. ఒక చెరువుకు సగం వరకు ఫొటోలు తీశాక కిందికి దించి బ్యాటరీ మార్చేలోగా మబ్బు పట్టిందంటే, మిగతా సగం వేరే రంగులో వస్తుంది. మావిక్ కెమెరా సెన్సర్ కూడా పెద్దది, బరువు 915 గ్రాములే.

కొనేముందు మాత్రం కాగితాలు చూసుకోండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై మన దేశంలో నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు, అదీ అనుమతితో.