ఫ్లెమింగోల కోసం పోతే గూడబాతు ఇచ్చిన ఫొటో

ధనుర్మాసం వచ్చిందంటే మా పెళ్ళి ఫొటోగ్రాఫర్లకి చేతిలో పనుండదు. ఇంట్లో కూర్చుంటే రావాల్సిన ఆల్బమ్ బాకీలు గుర్తొచ్చి బుర్ర పాడవుతుంది. అందుకే ఈసారి దూరపు పక్షుల్ని దగ్గరగా చూపే పెద్ద లెన్స్ (150-600) ఒకటి రెండు రోజులకి అద్దెకి తెచ్చుకున్నాను. రోజుకి 1,200. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు తీయాలని ఎన్నాళ్ళుగానో కోరిక. నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట దాకా హైవే ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. కారు మా బామ్మర్దిది, డీజిల్ నాది. "పక్షుల కోసం చలిలో లేవడమేంటి బావా" అనే పాట మాత్రం నాయుడుపేట దాటినా ఆగలేదు.

లాడ్జి వాడు ఫోన్లో 1,200 అన్నాడు, వెళ్ళాక 1,800 అన్నాడు. "రాకెట్ ఉంది సార్, ఎక్కడా రూములు దొరకవు." ఆ వారం శ్రీహరికోటలో ప్రయోగమేదీ లేదని బామ్మర్ది ఫోన్లో చూపించినా వాడు చలించలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి కిందికి దిగితే షట్టర్‌కి తాళం. కాపలా మనిషిని లేపేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఎక్కడ దిగినా తాళం ఎవరి దగ్గరుంటుందో రాత్రే అడిగి పెట్టుకోండి.

అసలు మంట మాత్రం గైడు మీద. ఉదయం పూట మూడు గంటల సేపు తిప్పడానికి 3,500 అని మాట్లాడుకున్నాం. "బర్డ్ ఫొటోగ్రఫీ స్పెషలిస్టుని సార్" అన్నాడు. సరస్సు అంచుకి తీసుకెళ్ళాడు, ఆ మాట నిజమే. మోకాల్లోతు కూడా లేని నీళ్ళలో రెండు మూడొందల ఫ్లెమింగోలు, ముక్కులు తలకిందులుగా పెట్టి బురద నీళ్ళు వడగట్టుకుంటున్నాయి. అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. ఒంటి నిండా బురదైనా సరే అని బోర్లా పడుకున్నాను. పక్షి కంటి ఎత్తులో కెమెరా ఉంటే వచ్చే ఫొటోయే వేరు.

నిలబడ్డ ఫ్లెమింగో దూరానికి దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. ఆ ఎరుపు, ఆ నల్ల అంచు రెక్క విప్పితేనే బయటపడతాయి. అందుకే అందరికీ ఎగిరే ఫొటోయే కావాలి. మా స్పెషలిస్టుకి అది బాగా తెలుసు. నేనింకా ఫోకస్ సరిచూసుకుంటుండగానే వెనక నుంచి ఈల వేశాడు. అవి కదల్లేదు. మట్టిబెడ్డ తీసి విసిరాడు. అంత బరువున్న పక్షి కాకిలా గభాలున లేవలేదు, నీళ్ళ మీద పరుగెత్తి పరుగెత్తి గాల్లోకి లేవాలి. మొత్తం గుంపు అలా ప్రాణభయంతో పరుగెత్తింది. అబద్ధమెందుకు, నా వేలు కూడా ఆగలేదు. 212 ఫ్రేములు. రాత్రి లాడ్జిలో చూసుకుంటే అన్నీ స్పష్టంగానే ఉన్నాయి, అన్నింట్లోనూ తోకలే. బెదిరిన పక్షి మన వైపు ఎందుకొస్తుంది? వాటంతట అవి లేచేటప్పుడైతే గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి మన వీపుకి తగిలేలా నిలబడి ఓపిక పడితే, మొహాలు మన వైపే తిరిగి వస్తాయి. ఈల వేసి తీసిన ఫొటో, పెళ్ళికొడుకుని "నవ్వండి సార్" అని అరిచి తెప్పించిన నవ్వు లాంటిదే.

ఇది పక్షుల అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇలా వేధించడం తప్పు అంటే, "ఎవరు చూస్తార్సార్" అని నవ్వాడు. పైగా ఎగరేయించినందుకు ఇంకో 500 అడిగాడు! అప్పటిదాకా కార్లో ముసుగు తన్ని పడుకున్న బామ్మర్ది ఆ మాటకి దిగొచ్చాడు. ఆ అయిదొందలు నేను ఇవ్వలేదు, వాడు ఇవ్వనివ్వలేదు. ఆ రోజుకి ఆ గుంపు మళ్ళీ అటు రాలేదు. తొమ్మిదయ్యేసరికి నీళ్ళ మీద వేడిగాలి ఆడటం మొదలైంది. ఇక ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా బొమ్మ అలుక్కుపోయినట్టే ఉంటుంది.

నిజానికి గైడు అక్కర్లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డే సరస్సు మధ్యలోంచి పోతుంది. కారు పక్కకి ఆపి, ఇంజన్ ఆపేసి, దిగకుండా కిటికీ మీద చిన్న బియ్యం మూట పెట్టుకుని దాని మీద లెన్స్ ఆనించండి. పక్షులు కారుని పట్టించుకోవు, మనిషిని చూస్తేనే జరుగుతాయి. షార్ (రాకెట్ కేంద్రం) గేటు వైపు మాత్రం కెమెరా తిప్పకండి. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనమే తప్ప ఫొటోలు రావు.

రెండో రోజు నేలపట్టు. లెన్స్ అద్దె కట్టాను కాబట్టి వెళ్ళాను, అంతే. 1976 నుంచి అభయారణ్యంగా ఉన్న చెరువది. అక్టోబరు నుంచి గూడబాతులు (పెలికాన్లు) వచ్చి, నీళ్ళలో నిలబడ్డ నీటికడప చెట్ల మీద గూళ్ళు కడతాయి. ఒక్కో చెట్టూ సంతలా ఉంది. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేపలు లాక్కుంటున్నాయి. మంచి ఫొటోలే వచ్చాయి, అలాంటివి అందరి దగ్గరా ఉన్నాయి.

బామ్మర్ది కొత్త తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, సాయంత్రం ఎవరింటికో వెళ్ళాలని. బాటలో నిలబడి "ఇంకెంతసేపు బావా" అని తలెత్తాడు. పైనుంచి పోతున్న గూడబాతు సరిగ్గా భుజం మీద వేసింది. కొంచెం కాదు, గరిటెడు. పక్కనే బాట ఊడుస్తున్న పెద్దావిడ చీపురు చంకలో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. "ఏం కాదులే అబ్బయ్యా, మా చేలకి అదే ఎరువు!"

రెండు మూడు మీటర్ల లోపలున్నది ఆ పెద్ద లెన్స్‌కి అందదు. మెడలో వేలాడే రెండో కెమెరా ఎప్పుడు ఎత్తానో నాకే తెలీదు. అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే వెనక ఎవరో పెళ్ళికొడుకు చెప్పులు వెతుకుతుంటారు. పదిహేనేళ్ళుగా నా కెమెరా తిరిగేది అటే, ఆ అలవాటు అక్కడ పనికొచ్చింది. షట్టర్ స్పీడ్ పొద్దున పెట్టిన 125 (సెకనులో 125వ వంతు) దగ్గరే ఉండిపోయింది, చీపురు కొస చెదిరింది. ఆవిడ నవ్వు మాత్రం కదల్లేదు. వెనక మావాడి మొహం, చొక్కా, వాడి తల పైన వెళ్ళిపోతున్న ఆ గూడబాతు, అన్నీ ఒకే ఫ్రేములో!

చూపిస్తే ఆవిడ మళ్ళీ నవ్వింది. "నాకొకటి ఇస్తావా?" అంది. 8 బై 12 ప్రింటు, లామినేషన్‌తో కలిపి 180 అయింది. అద్దె లెన్స్‌తో తీసినవి ఒక్కటీ ప్రింటు వేయలేదు. పౌర్ణమి దాటాక వెళ్ళి ఇచ్చి రావాలి. కారు ఇవ్వనంటున్నాడు మావాడు, బస్సులోనే పోవాలి.